కంబానికి అక్క ఉన్నదా

"కంబానికి అక్క ఉన్నదా?" అని అడిగాడు మా బావ.

గదిలో ఉన్న చదువుకున్నవాళ్ళెవరికీ ఆ మాట అందలేదు. నేనొక్కణ్ణే నవ్వాను.

హైదరాబాదు పొలిమేరలో జ్ఞాన నిధి అని ఒక అద్దాల మేడ ఉంది. అందులో మా బావ చిగుర్ల బయ్యన్నను ఎత్తుగా కట్టిన అరుగు అంచున కూర్చోబెట్టారు. తలకు మెత్తటి టోపీ తొడిగారు. నడుముకు మేం తెచ్చుకున్న నార తాడే కట్టి, రెండో కొస తీసుకుపోయి ఇనుప కంబానికి ముడేశారు. కొండ అంచున ఉన్నాననుకో, తేనెకు దిగుతున్నాననుకో, మిగతాది యంత్రం చూసుకుంటుంది అన్నారు. మా బావ కదల్లేదు. తాడును చూశాడు, కంబాన్ని చూశాడు, ఆ మాట అడిగాడు.

ఆ పని నడిపిస్తున్న డాక్టర్ ఇందుమతి నా వైపు తిరిగింది. చెప్పక తప్పలేదు.

మాది నల్లమలలో సారబండ పెంట. చెంచుల గూడేన్ని పెంట అంటారు, నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. కొండ చరియకు పట్టిన తేనె కోయడానికి దిగేవాడి తాడును మా దగ్గర సొంత అన్నదమ్ములు పట్టరు. అన్నదమ్ముడికి ఆశ పుట్టొచ్చు. గుడిసె మీద పుట్టొచ్చు, మేకల మీద పుట్టొచ్చు, వదిన మీద పుట్టొచ్చు. పెండ్లాం తోడబుట్టినవాడికి ఆ ఆశ ఉండదు. వాడు తాడు వదిలితే పుస్తె తెగేది వాడి అక్కదే. ఈ కట్టుబాటు ఏ దేవుడూ చెప్పలేదు. చచ్చినవాళ్ళు నేర్పిపోయారు. పెండ్లినాడు మూడు ముళ్ళు పడ్డాక, పెండ్లికొడుకు తన తాడు కొస తెచ్చి పెండ్లికూతురి తమ్ముడి చేతిలో పెడతాడు. అది పెడితేనే పెండ్లి అయినట్టు. మా అక్క ఈదమ్మ పెండ్లిలో ఆ కొస నా చేతిలో పెట్టారు. అప్పటికి నాకు లాగు నిలిచేది కాదు.

"కంబానికి అక్క లేదు. కాబట్టి నన్ను పట్టమంటున్నాడు" అన్నాను.

వాళ్ళు ముడి విప్పి కొస నాకిచ్చారు. చిన్న విషయమే అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

అసలు మేం అక్కడికి ఎందుకు పోయాం అంటే, మా పెంటను అడవిలోంచి లేపేయాలని చూస్తున్నారు. పులులకు చోటు చాలడం లేదట. పులికీ మాకూ ఏనాడూ తగాదా లేదు. తగాదా అంతా జీపుల్లో వచ్చేవాళ్ళతోనే. బడి మొహం చూడనివాణ్ణి, చట్టం పుస్తకాలు కూడబలుక్కుని చదివి, తిరగని ఆఫీసు లేదు. ఎక్కడికి పోయినా ఒకటే మాట. మీరు తరతరాలుగా ఇక్కడే ఉన్నారనడానికి రుజువేది? కొండ వచ్చి సాక్ష్యం చెప్పదు కదా.

అప్పుడొచ్చారు నిధివాళ్ళు. ఇదివరకు వాళ్ళూ అందరిలాగే పాటలు రికార్డు చేసేవాళ్ళట, ఆకుల ఫోటోలు తీసి పేర్లు కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళట. పేర్లు మిగిలాయి, పని మిగల్లేదు. ఫోటోలో ఆకు చూసి తేనెకు పొగ పెట్టబోయి ఎవడో చేనే తగలబెట్టుకున్నాడని ఇందుమతే చెప్పింది. అందుకని ఈ టోపీ చేశారు. మనిషి ఒక పనిని మనసులో చేస్తున్నప్పుడు ఆ జ్ఞాపకం తడి మట్టిలా మెత్తబడుతుందట. ఆ తడి మీద అచ్చు తీస్తారు. ఆ అచ్చు రికార్డు కాదు. అడిగితే పలుకుతుంది, చెప్పింది వింటుంది, విన్నది మరిచిపోదు. దానికి వాళ్ళు పెట్టిన పేరు కూడా పలుకే. మీ మనిషి తలలో ఉన్న అడవిని మా నిధిలోకి రానివ్వండి, ఆ పలుకును మీకు రుజువుగా తీసుకోవడానికి సర్కారువాళ్ళు ఒప్పుకున్నారు అన్నారు.

నేను నమ్మలేదు. మా బావ నమ్మాడు. తాడు దిగేందుకు పడుచువాళ్ళు లేరు, ఉన్నవాళ్ళు టూరిస్టులను తిప్పే బండ్లు తోలుతున్నారు. తనతోనే ఈ విద్య పోతుందన్న బాధ ఆయనకు ఎప్పటినుంచో ఉంది. దాని మీద నా అవస్థ ఒకటి.

"నువు కాయితాలు మోసి మోసి గూనివడుతున్నవ్ బామ్మర్దీ" అన్నాడు. "నా నెత్తిల ఉన్నది నేనిస్త. దానికి మోత కూలి గూడ లేదు."

అక్క మాత్రం ఇందుమతిని అడిగింది, నెత్తిలోంచి తీస్తే నెత్తిలో ఏం మిగులుతుంది అని. దీపంతో ఇంకో దీపం వెలిగించినట్టమ్మా, మొదటి దీపానికి ఏమీ కాదు అంది ఇందుమతి. అబద్ధం చెప్పలేదు. ఆమె అప్పటికి అదే నమ్ముతోంది.

సరే, అరుగు మీద మా బావ, కింద తాడు కొస పట్టుకుని నేను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఇత్తడి పళ్ళెంలో మేం తెచ్చిన పచ్చాకు రాజేశారు. పొగ వాసన తగలగానే ఆయన భుజాలు మారాయి. ఎదురుగా గోడ ఉంది. ఆయనకు మాత్రం లోయ కనబడుతోందని నాకు తెలిసిపోయింది.

"బామ్మర్దీ, పట్టినవా?"

దీనికి ఉత్తగా పట్టిన అని జవాబు చెబితే దిగడు. తిట్టాలి. మర్యాదగా మాట్లాడేవాడి చేతులు వణుకుతున్నట్టు లెక్క. భయపడ్డవాడే మర్యాద ఇస్తాడు. అందుకని తాడు పట్టినవాడు ప్రతిసారీ కొత్త తిట్టు వెతుక్కోవాలి. పాతది తిడితే, మొన్నటి గంజి పోస్తున్నవా అని లేచి ఇంటికి పోతాడు.

"పట్టిన తియ్" అన్నాను. "కొండముచ్చుకు ఇచ్చినా మా అక్క సుఖపడేది. దిగు."

ఆయన పకపకా నవ్వి దిగాడు. కూర్చున్నచోటే దిగాడు. కాళ్ళు గాలిలో రాతి పగుళ్ళు వెతుక్కున్నాయి, వేళ్ళు బిగుసుకున్నాయి. తాడు నా చేతిలో నిజంగానే బరువెక్కింది. దిగుతూ పాట ఎత్తుకున్నాడు. పాట ఆగకపోతే దిగినవాడు బాగున్నట్టు. అడ్డగోడ అద్దం మీద యంత్రం గీసే గీతలు చీమల బారులాగా పాకాయి. కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు.

తాడు పట్టినవాడికి ఇంకో పని కూడా ఉంటుంది. పొగను చూస్తూ ఉండాలి. గాలి మారి పొగ తేనెపట్టును వదిలేస్తే తేనెటీగలు మనిషి మీద పడతాయి. కిందున్నవాడికి అది కనబడేసరికి ఆలస్యమైపోతుంది. మీదున్నవాడు ముందే చూసి "పొగ తిరిగింది" అనాలి. ఆ మాట పడ్డాక వాదన లేదు. కత్తి పట్టు మీద ఉన్నా వదిలేసి పైకి రావాలి. ఆ పట్టు జోలికి మళ్ళీ ఎన్నడూ పోకూడదు. మైసమ్మ వద్దన్నట్టు. దిగినవాడు పైకొచ్చేదాకా వాడి పెండ్లాం ఇంటిముందు జుట్టు విరబోసుకునే కూర్చుంటుంది. పైకొచ్చిండని కేక వినబడ్డాకే కొప్పు ముడుస్తుంది.

ఆ గదిలో పొగ తిరగలేదు. అక్కడ గాలి కూడా వాళ్ళు చెప్పినట్టే నడుస్తుంది.

అలా కొన్నాళ్ళు రోజూ దించారు. ఒక్కో చరియ, ఒక్కో కాలం, ఒక్కో రకం ఈగ. టోపీ తీశాక బావ మామూలుగానే ఉండేవాడు. క్యాంటీను పప్పు చప్పగా ఉందని వంటవాడితో తగువు పెట్టుకునేవాడు. తిరుగు ప్రయాణంలో బస్సులో నా ఒడిలో ఉన్న తాడు చుట్టను చేత్తో తడిమి, ఇది ఎవరిది, మంచిగ పేనిండ్రు అన్నాడు. ఆ తాడు పేనింది ఆయనే. నాతో పరాచికం ఆడుతున్నాడనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఇప్ప పూలు రాలడం అయిపోయింది. ఉత్తరం చరియకు పెద్ద పట్టు పట్టిందని తెలిసి ఇద్దరం బయలుదేరాం. అక్క జుట్టు విప్పుకుని గుడిసె ముందు కూర్చుంది.

అంచు దాకా బాగానే వచ్చాడు. తాడు నడుముకు కట్టబోయి ఆగాడు. ముడి వేయడం రావడం లేదు. నేను కట్టాను. అంచున కూర్చుని, ఎవరికోసమో చూస్తున్నట్టు దారి వైపు చూడసాగాడు. ఏమైంది బావా అని అడిగాను.

"బామ్మర్ది రాలే" అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నేను గాదా?"

ఆయన నన్ను కిందినుంచి మీదికి చూశాడు. ఎంతో ప్రేమగా చూశాడు. అదే నన్ను చంపింది.

"నువు నా తమ్మునివి గదా తమ్మీ. మా ఇంట్లనే తింటవ్, మా ఇంట్లనే పంటవ్. తమ్ముడు తాడు పట్టొద్దు. తప్పు. బామ్మర్దిని పిలువు."

బజారులో తమ్మీ అని ఎవడైనా ఎవణ్ణైనా పిలుస్తాడు. దానికి విలువ లేదు. కానీ కొండ అంచున, నడుముకు తాడు కట్టుకుని, మా బావ నన్ను తమ్మీ అన్నాడు. కట్టుబాటు ఒక్కటి మిగిలింది. మనిషిని మరిచిపోయాడు.

నేనే నీ బామ్మర్దిని అని ఎంత చెప్పినా వినలేదు. తిట్టి చూశాను. నాకొచ్చిన తిట్లలో మంచిది తీసి తిట్టాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకు తిడుతున్నవ్ తమ్మీ? నేనేం జేసిన నిన్ను?"

తాడు విప్పేశాను. పట్టు అట్లాగే ఉండిపోయింది. ఉత్త బుట్టతో దిగివచ్చేసరికి అక్క లేచి నిలబడింది. పైకొచ్చిండని నేను కేక వేయలేదు. అసలు దిగనే లేదు కదా.

ఆ తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. తీగ లాగితే డొంకంతా కదిలింది అంటారు. వాళ్ళు తేనె తీగ ఒక్కటే లాగుతున్నామనుకున్నారు. మావాళ్ళ తలల్లో తేనె విడిగా ఉండదు, పెండ్లి విడిగా ఉండదు. తాడు ఎవరు పట్టారో అనే దాంట్లోనే పెండ్లి ఉంది, పాటలో చచ్చిపోయిన తాతలు ఉన్నారు. అన్నీ లేచి వచ్చేశాయి. మా బావకు అక్క పేరు తెలుసు. ఆమె పెట్టింది తింటాడు, ఆమె పిలిస్తే పలుకుతాడు. పెండ్లి మాత్రం లేదు. నువ్వెవరివి అని అడిగినా అక్క తట్టుకునేది. ఆయన అడగడు. అన్నం పెట్టిన ప్రతిసారీ పరాయి ఇంట్లో భోంచేసినవాడిలా, కడుపు సల్లగుండ అని దీవించి లేస్తాడు. అక్క గిన్నెలు తీసుకుని వెనక్కి పోయి అక్కడే చాలాసేపు ఉండేది.

నన్ను తిట్టడం పూర్తిగా మానేశాడు. నాకు మర్యాద ఇస్తున్నాడు. తమ్మీ కూసో, తమ్మీ తిను. ఆ మర్యాద భరించలేక నేను వాళ్ళ గుడిసెకు పోవడం తగ్గించాను.

వానలు పడకముందే ఇందుమతి పెంటకు వచ్చింది. జీపు దిగి నడుచుకుంటూ వచ్చి మా బావ ముందు కూర్చుంది. ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. మంచినీళ్ళు ఇవ్వమని నాతో చెప్పాడు. ఆమె చెంబు చేతిలో పట్టుకుని తాగలేదు.

జరిగింది ఏమిటో ఆమెకు నేను చెప్పనక్కరలేకపోయింది. తడి మట్టి మీద అచ్చు తీస్తే కొంత మట్టి అచ్చుతోనే వచ్చేసిందని తనే చెప్పింది. ఇంతకుముందు అచ్చు ఇచ్చిన పట్నంవాళ్ళకు ఇంత నష్టం ఎందుకు కనబడలేదంటే, వాళ్ళ విద్యకు మనుషులు ఇంతగా అంటుకుని లేరు.

"మొదట నా మీదే పరీక్ష చేసుకున్నాను మంతన్నా" అంది. "మా ఇంటి ఆవకాయ. ఏమీ కాలేదనుకున్నాను. పాళ్ళన్నీ గుర్తున్నాయి. ఎవరు నేర్పారో మొన్న ఎవరో అడిగితే నోరు తెరిచాను, ఎవరూ మనసులోకి రాలేదు. అమ్మమ్మే అయి ఉంటుంది. ఆమె చేతులు ఎలా ఉండేవో నాకు తెలియదు."

ఆమె ఏడుస్తుంటే నాకు జాలి కలగలేదు, అబద్ధం ఎందుకు. కాసేపటికి కలిగింది.

తీసింది మళ్ళీ ఆయన తలలో పెట్టమన్నాను. అచ్చు తీయడమే వచ్చిందట, పోయడం రాదట. ఇంకెందుకొచ్చావ్ అన్నాను. అప్పుడు చెప్పింది. పలుకు తెరుచుకోవడం లేదట. ఏ ఆకు, ఏ రాయి, ఏ నెల అని ఎవరు ఏది అడిగినా అది ఒక్కటే అంటుందట, బామ్మర్దీ పట్టినవా అని. పట్టుకున్నాను అని వీళ్ళు మర్యాదగా చెబుతున్నారు. నువ్వెవరు అని అది ఊరుకుంటుంది. మా అర్జీ మీద విచారణ దగ్గరపడింది, అక్కడ పలుకు మాట్లాడాలి, నేను వచ్చి ఒక్కసారి జవాబిస్తే తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఎవరు అడిగినా చెబుతుంది. ఈ మాట చెప్పమని నిధి పైవాళ్ళు ఆమెను పంపారు.

"దాన్ని రోజూ లేపుతున్నరా?" అని అడిగింది అక్క. ఆమె గుమ్మంలో ఉన్న సంగతి మేం చూసుకోలేదు.

ఇందుమతి తల ఊపింది.

"లేపినప్పుడల్లా అంచు మీద కూసోని వీణ్ణి పిలుస్తడు?"

"అవునమ్మా."

"పిలిస్తే ఎవ్వరు పలుకరు?"

ఇందుమతి చెంబు కింద పెట్టింది. అక్క మా ముందరే చేతులు వెనక్కి పెట్టి కొప్పు విప్పేసింది. గుడిసె ముందుకొచ్చి, జుట్టు విరబోసుకుని కూర్చుంది. లోపలి నుంచి మా బావ అదంతా వింతగా చూశాడు.

నేను తాడు తీసుకుని జీపు ఎక్కాను.

అదే గది. అరుగు ఖాళీగా ఉంది. దాని మీద అరచేయంత నల్లటి డబ్బా పెట్టారు, గొంతు అందులోంచి వస్తుందట. కుర్చీల నిండా కొత్త మొహాలు. మా ఆకుల కోసం మందుల కంపెనీవాళ్ళు కూడా వచ్చారని ఇందుమతి చెవిలో చెప్పింది. నేను తాడు ఒక కొసను డబ్బా పక్కన పెట్టి, రెండోది చేతికి చుట్టుకుని కింద కూర్చున్నాను. తాడు అవసరం లేదన్నాడు నిధి పెద్దమనిషి. నీకు లేదులే అన్నాను.

డబ్బా మీద చిన్న దీపం వెలిగింది.

"బామ్మర్దీ, పట్టినవా?"

గొంతు బావదే. ఆయన నోటినుంచి ఆ మాట ఈ జన్మలో మళ్ళీ వింటాననుకోలేదు. తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. గదిలో ఎవరో కుర్చీ జరిపారు.

"బామ్మర్దీ, సచ్చినవా ఏంది? పట్టినవా?"

"నీకంటే ముందు నేనెందుకు సస్త?" అన్నాను. "నీ దినాల బువ్వ తినాలె గదా. పట్టిన, దిగు."

డబ్బా పకపకా నవ్వింది.

"గిది కొత్తది" అంది. "ఇడువకు. మీ అక్క ముండమోస్తది."

"నాకు తెల్వదా?"

దిగాడు. పాట ఎత్తుకున్నాడు. గోడ అద్దం మీద గీతలు మొదలయ్యాయి. ఆకులు, గాలులు, రాతి పేర్లు, ఏ వారన ఎండ ఎప్పుడు పడుతుందో, ఒక్కొక్కటే అక్షరాలై నిలబడుతున్నాయి. కుర్చీలవాళ్ళు ముందుకు వంగారు. నేను అటు చూడలేదు. పాట వింటున్నాను. ఈ భూమి మీద మా బావకు నేను తెలిసిన చోటు ఇదొక్కటే. ఇట్లాగే రోజూ వచ్చి కూర్చుని తిట్టుకోవచ్చు. ఎవరూ వద్దనరు. పైగా బండి పంపిస్తారు. మా పెంట నిలబడుతుంది. తర్వాత వీళ్ళంతా రోజుకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఆయన్ని దించుతారు. తాడు పట్టేవాడు లేకుండా దించుతారు.

"పట్టు కనబడ్డది బామ్మర్దీ. ఇంత పెద్దది నేను సూడలే."

"బావా."

"ఏంది?"

"అక్క పెండ్లి యాదికున్నదా?"

"యాదికి లేకేంది? నీ సీమిడి ముక్కు తుడిసి నీ శేతిల తాడు పెట్టిన. సీమిడి ఇంక తాడుకే ఉన్నది. మీ అక్క నవ్వింది. పెద్దోళ్ళు కసురుకుంటే కొంగు అడ్డం పెట్టుకుంది. ఎందుకడిగినవ్?"

"ఊకెనే."

చేతిలో తాడు చూశాను. కళ్ళు తుడుచుకున్నాను. ఎదురుగా పొగ లేదు, పళ్ళెం లేదు, ఏమీ లేదు.

"పొగ తిరిగింది బావా."

పాట ఆగింది.

"ఏడ తిరిగింది? నా దిక్కు రాలే."

"మీదికెల్లి నాకు కనబడతది. తిరిగింది. ఇడిసిపెట్టి రా."

"శెయ్యి సాపితే అందుతది బామ్మర్దీ."

"అక్క కొప్పు ముడవలే" అన్నాను.

ఇంక మారు మాట్లాడలేదు. డబ్బాలోంచి ఎగశ్వాస వినబడింది, రాయి మీద కాలు జారిన చప్పుడు, మళ్ళీ ఊపిరి. నేను తాడు లాగుతున్నాను. ఏ బరువూ లేని కొస నా ఒడిలోకి వచ్చి పడుతోంది, అయినా లాగుతున్నాను. ఏదో జరుగుతోందని నిధి పెద్దమనిషికి అప్పుడు అర్థమైంది. ఆపండి అన్నాడు. ఇందుమతి మీటల దగ్గర ఉంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"వచ్చిన" అన్నాడు మా బావ.

"ఇప్పుకో."

"ఇప్పిన. మంచి పట్టు పాయె."

"పోతే పాయె. ఇంటికి పో బావా."

"నువు రావా?"

"తాడు సుట్టుకోని వస్త. నువు నడువు."

దీపం వెలుగుతూనే ఉంది. గొంతు మాత్రం మళ్ళీ రాలేదు. తర్వాత ఎంతమంది ఎన్నిసార్లు లేపినా రాలేదు. అది విన్నది మరిచిపోదు కదా. పొగ తిరిగిన పట్టు జోలికి మా బావ పోడు. గోడ అద్దం మీద నిలబడిన అక్షరాలు సగంలో ఉన్నాయి, సగం చరియతో ఎవడూ తేనె కోయలేడు. పెద్దమనిషి నా మీద కేసు పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను. దానికైనా నేను ఆ అడవివాణ్ణని వాళ్ళే రాయాలి.

అర్జీ ఇంకా అక్కడే ఉంది. రుజువు లేదంటున్నారు. చేతికొచ్చిన రుజువును నోటితో పోగొట్టావని పెంటలో కొందరు నన్ను తిట్టారు. వాళ్ళతో నాకు బాధ లేదు. కొందరు మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టారు.

నిధి నుంచి తిరిగి వచ్చిన రోజు పొద్దు వాలేవేళకు పెంట చేరాను. అక్క గుడిసె ముందు అట్లాగే ఉంది. జుట్టు దుమ్ము పట్టి ఉంది. పక్కనే మా బావ కూర్చుని చింతకాయలు ఒలుస్తున్నాడు, గింజ ఒకవైపు, తొక్క ఒకవైపు, బుద్ధిగా. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

అక్క నా చేతిలో తాడు చుట్టను చూసింది.

"వచ్చిండా?"

"వచ్చిండు."

ఆమె రెండు చేతులూ ఎత్తి, జుట్టు దులిపి, మెలిపెట్టి కొప్పు ముడిచింది. చాలాసేపు పట్టింది. మా బావ చింతకాయలు పక్కన పెట్టి ఆమెనే చూస్తూ ఉన్నాడు. ఇంట్లో ఏదో మంచి జరిగిందని ఆయనకు తోచినట్టుంది, మొహం విప్పారింది.

"ఎవరొచ్చిండ్రు తమ్మీ?" అని అడిగాడు.

నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"మా బావ వచ్చిండు, అన్నా" అని చెప్పాను.